గొళ్ళెం గారూ, ఇరవై ఆరో పేరూ

తెరిచి ఉన్న వస్తువు కంటబడితే దాన్ని మూసేదాకా మా గొళ్ళెం గారికి ఊపిరాడదు. తలుపో, సొరుగో, సీసానో, గొడుగో, ఎదుటివాడి చొక్కా జేబు గుండీనో, ఏదైనా సరే. మాట్లాడుతూ మాట్లాడుతూనే చెయ్యి చాపి మూసేసి, మళ్ళీ మాటలో పడతారు. మూసిన సంగతి ఆయనకి తెలియదు. వేలు సొరుగులో ఇరుక్కున్నప్పుడు మనకే తెలుస్తుంది.

గొళ్ళెం ఆయన ఇంటిపేరు కాదు. ఆఫీసులో మేం పెట్టుకున్న పేరు. చాటుగా పెట్టుకున్నామనుకున్నాం గానీ మధ్యాహ్నానికల్లా ఆయన చెవిన పడింది. కోపం రాలేదు సరికదా, "పోనీలే, పనికొచ్చే వస్తువు పేరే పెట్టారు" అన్నారు.

నేను ఆ ఆఫీసులో చేరిన మొదటి రోజున టీ తెచ్చుకుని బల్ల మీద పెట్టుకున్నాను. అటు తిరిగి ఇటు తిరిగేసరికి కప్పు మీద సాసరు బోర్లించి ఉంది. తీసి ఒక గుక్క తాగి పెట్టాను. మళ్ళీ సాసరు. ఇలా నాలుగుసార్లు జరిగాక పక్క కుర్చీలో ఉన్నాయన్ని అడిగాను.

"ఎవరండీ ఇది పెడుతున్నది?"

"ఏది?" అన్నారాయన, సాసరు సర్దుతూ.

ఆయనే గొళ్ళెం గారు. ఆ తర్వాత ఏడేళ్ళు ఆయన పక్కనే కూర్చున్నాను. నా టీ ఒక్కనాడూ చల్లారలేదు.

ఆయన బస్సులో వచ్చిపోతుంటారు. ఒకరోజు ముందు నిలబడ్డావిడ చేతిసంచి జిప్పు తెరిచి ఉండటం చూసి మూశారు. మూసే చెయ్యీ తీసే చెయ్యీ చూడ్డానికి ఒకలాగే ఉంటాయి కదా! ఆవిడ వేసిన కేకకి డ్రైవరు బస్సు ఆపేశాడు.

"దొంగ! నా సంచిలో చెయ్యి పెట్టాడు!"

"అయ్యో, నేను తియ్యలేదమ్మా, మూశాను."

"మూసే దొంగని నా సర్వీసులో చూళ్ళేదు" అన్నాడు కండక్టరు.

సంచిలో అన్నీ ఉన్నాయని తేలింది. కానీ వెతికిన కంగారులో ఆవిడ జిప్పు మళ్ళీ తెరిచే వదిలేసి దిగిపోయింది. ఈయన "అమ్మా, జిప్పూ!" అంటూ వెనకాలే దిగబోయారు. కండక్టరు చొక్కా పట్టుకుని ఆపాడు కనక సరిపోయింది.

పంటి డాక్టరు దగ్గర ఇంకో ఘనకార్యం. డాక్టరు నోరు తెరవమన్నాడు, తెరిచారు. ఆయన పనిముట్టు అందుకునేలోగా మూసేశారు. మళ్ళీ తెరవమన్నాడు, మళ్ళీ మూసేశారు. పదకొండోసారి డాక్టరు కుర్చీ వెనక్కి జరిపి, "మీ పన్ను సంగతి తర్వాత చూద్దాం. ముందు నా తలనొప్పికి ఏదైనా మందు చెప్పండి" అన్నాడట.

ఇవన్నీ మాకు చెప్పింది ఆయన భార్య. ఏదో కాగితం మీద సంతకం కోసం ఆఫీసుకి వచ్చి, ఆయన మీటింగులో ఉన్నారంటే నా దగ్గర కూర్చుంది.

"పెళ్ళి ఫోటోలో కూడా కళ్ళు మూసుకునే ఉన్నారమ్మా. నన్ను చూసి భయపడ్డారేమో అనుకున్నాను. కాపరానికి వెళ్ళాక గదా తెలిసింది, మూత జబ్బని! ఉప్పు డబ్బా కోసం అటు తిరుగుతానా, ఇటు తిరిగేసరికి కూర మీద మూత, పొయ్యి కట్టేసి. గరిట పట్టుకుని నేను, ఏమీ ఎరగనట్టు ఆయన. ఇరవై ఏడేళ్ళుగా మా ఇంట్లో కూర పూర్తిగా ఉడకలేదంటే నమ్ము."

ఇంత జబ్బున్న మనిషికి సరిగ్గా అతికినట్టుండే ఉద్యోగం దొరికింది.

కంప్యూటర్లన్నిటికీ అడుగున ఉండి నడిపించే ప్రోగ్రాము ఒకటుంటుంది. కెర్నల్ అంటాం. దాన్ని తయారుచేసే ఆఫీసు మాది. అందులో మా గదికి అప్పజెప్పింది ప్రాసెసర్ వేగం. పని మీద పడితే ప్రాసెసర్ని పరిగెత్తించాలి, పని లేనప్పుడు నెమ్మదింపజెయ్యాలి. లేకపోతే బ్యాటరీ హరించుకుపోతుంది, ఒళ్ళో పెట్టుకుంటే కాలుతుంది. ఎప్పుడెంత వేగమో మా కోడ్ తేలుస్తుంది. ఆ కోడ్ నిండా ఫంక్షన్లు, ఒక్కోదానికి ఒక్కో పేరు. పేరు ముందు 'స్టాటిక్' అనే ఒక్క మాట రాస్తే ఆ ఫంక్షన్ తన ఫైలు గడప దాటదు. రాయకపోతే కెర్నల్ మొత్తానికి కనిపిస్తుంది. ఎవరు పడితే వాళ్ళు పిలవొచ్చు, పిలిచి పాడుచెయ్యొచ్చు. కొన్నిటికైతే ఇంకో లైను తగిలించి, ఎక్కడో ఇంట్లో కూర్చుని సొంత ప్రోగ్రాములు రాసుకునేవాళ్ళకి కూడా అందుబాటులో పెడతారు.

రాసేవాళ్ళు తొందరలో ఆ 'స్టాటిక్' అనే మాట మరిచిపోతుంటారు. ఇక చూసుకోండి, ఇంట్లో ఉండాల్సిన పేర్లన్నీ బనీన్లతో వీధిలో తిరుగుతుంటాయి. వాటిని చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళి గొళ్ళెం పెట్టడం మా గొళ్ళెం గారి పని. ఎవరైనా కొత్త కోడ్ తెచ్చి చూపిస్తే ఆయన అడిగే ప్రశ్న ఒక్కటే.

"ఇది బయటికెందుకు?"

ఆ ప్రశ్నకి జవాబు తెలియక ఆఫీసులో సగంమంది ఆయన బల్ల ఉన్న వైపు నుంచి నడవడం మానేశారు. చుట్టూ తిరిగి ఫైలు గది మీదుగా వెళ్ళేవారు. ఆయన గురించి మా అందరి అభిప్రాయమూ ఒకటే: మనిషి మంచివాడే, కాస్త పిసినారి. ఒక చిన్న ఫంక్షన్ ఎవరో వాడుకుంటే ఈయన సొమ్మేం పోయిందో!

ఇలా ఉండగా ఒక సోమవారం మేనేజరు గారు మమ్మల్ని పిలిచారు. శుక్రవారం కొత్త వెర్షన్ విడుదల. ఈలోగా కోడ్‌ని తనిఖీ చేసే ప్రోగ్రాము మా గది మీద ఇరవై ఆరు ఫిర్యాదులిచ్చింది. ఇరవై ఆరు పేర్లు బయటికి కనిపిస్తున్నాయి, మా కెర్నల్లో వాటిని పక్క ఫైళ్ళనుంచి పిలిచేవాళ్ళెవరూ లేరు. మేనేజరు గారు ఆ పేర్లన్నీ గోడ మీది తెల్లబోర్డు మీద రాసి, మార్కరు మూత పెట్టకుండా బల్ల మీద పడేశారు. గొళ్ళెం గారు మూత పెట్టారు. మేనేజరు గారు తీశారు. ఈయన పెట్టారు.

"ఇరవై ఆరూ మీకే అప్పజెబుతున్నాను. పండగ చేసుకోండి" అన్నారు మేనేజరు గారు.

నిజంగానే ఆ రెండు రోజులూ ఆయన మొహం వెలిగిపోయింది. ఒక్కో పేరూ మూసినప్పుడల్లా బోర్డు దగ్గరికి వెళ్ళి చిన్న గీత కొట్టి వచ్చేవారు. బుధవారం పొద్దునకి ఇరవై అయిదు గీతలు పడ్డాయి. మేనేజరు గారు వచ్చి లెక్క చూసుకున్నారు.

"ఇంకొకటి ఉందే?"

"అది ఉండనివ్వండి సార్" అన్నారు గొళ్ళెం గారు.

నా చెవుల్ని నేనే నమ్మలేకపోయాను. గదిలో కీబోర్డులన్నీ ఆగిపోయాయి. వెనకబల్ల ఆయనైతే లేచి నిలబడి చూశాడు.

"ఉండనివ్వాలా? అదేమిటి?"

"ఇంకా వాడుతున్నారు సార్."

"ఎవరు? మన కోడ్ మొత్తం జల్లెడ పట్టాం, ఒక్కరు లేరు!"

"మన కోడ్‌లో కాదు. బయట. ఒకాయన."

"ఒకాయన!" మేనేజరు గారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "ఒకాయన కోసం విడుదల ఆపమంటారా? ఇన్నాళ్ళూ మమ్మల్ని 'బయటికెందుకు, బయటికెందుకు' అని కాల్చుకు తిన్నది మీరేనా?"

"రెండు రోజులు ఇవ్వండి చాలు."

"రెండు రోజుల తర్వాత విడుదలే ఉంది! బయటివాళ్ళు ముందుగా వాడి చూసే పరీక్ష కాపీ ఈ సాయంత్రమే వెళ్ళాలి. ఎవరాయన? ఏ కంపెనీ?"

"కంపెనీ కాదండీ" అని, ఇంకేమీ చెప్పకుండా గొళ్ళెం గారు బోర్డు కిందున్న మార్కరు మూత నొక్కి చూసుకుని కుర్చీకి వచ్చేశారు. భోజనాల వేళకి కింది అంతస్తు దాకా పాకింది వార్త: గొళ్ళెం గారు ఒకటి మూయనన్నారట! జ్వరమేమో అన్నారు కొందరు. వెనకబల్ల ఆయన ఏదో కాగితం ఇచ్చే వంకతో దగ్గరికి వెళ్ళి నుదుటి మీద చెయ్యేసి కూడా చూశాడు.

మధ్యాహ్నం ఆయన వేరే అంతస్తులో మీటింగుకి వెళ్ళినప్పుడు మేనేజరు గారు నా దగ్గరికి వచ్చారు.

"అమ్మాయ్, ఆ ఇరవై ఆరోది నువ్వు మూసెయ్."

అది ప్రాసెసర్ వేగాన్ని కాసేపు ఒకచోట పట్టి ఉంచే ఫంక్షన్. ఒక మాట రాయాలి, ఒక లైను కొట్టెయ్యాలి. నా టీ చల్లారేలోగా అయిపోయింది. ఎవరు వాడుకుంటున్నారో కనుక్కోవాలని నాకు తట్టలేదు. ఏడేళ్ళుగా ఆయన పక్కన కూర్చుని నేను చూసింది మూయడం ఒక్కటే. అదే మొత్తం పని అనుకున్నాను. సాయంత్రం పరీక్ష కాపీ వెళ్ళిపోయింది.

గురువారం తొమ్మిదిన్నరకి మా గది ఫోను మోగింది. గొళ్ళెం గారు ఇంకా రాలేదు. నేనే తీశాను.

"ఎవరండీ అక్కడ? తాళం వేసిన మహానుభావులెవరు?" పెద్దాయన గొంతు. ఖంగుమంటోంది.

"మీకు ఎవరు కావాలండీ?"

"మంగళవారం, శుక్రవారం నాకు ఉత్తరాలు రాసే ఆయన ఉన్నాడు. ఆయన మాత్రం ఈ పని చెయ్యడు. చేసినవాళ్ళు కావాలి నాకు."

"నేనేనండీ."

"ఎంతవరకు చదువుకున్నావమ్మా?"

చెప్పాను.

"అంత చదివించి, వాడుకునేవాళ్ళని ఒక్కమాట అడగాలని నేర్పలేదా మీ కాలేజీలో?"

ఆయన రిటైరైన లెక్కల మాస్టారు. డెబ్బై ఒక్కేళ్ళు. అయిదేళ్ళ కిందట భార్యకి చూపు పోయింది. ఆవిడకి పుస్తకాలంటే ప్రాణం. అందుకని మాస్టారు అరవై ఏడో ఏట ప్రోగ్రాములు రాయడం మొదలుపెట్టి, ఒక పాత కంప్యూటర్‌కి కెమెరా బిగించి, చదివే మిషను తయారుచేశారు. పేజీ కింద పెడితే పైకి చదువుతుంది. అంతా బాగానే ఉంది గానీ, మధ్యమధ్యలో ప్రాసెసర్ నెమ్మదించినప్పుడల్లా మిషను గొంతు సాగి, ఆవలిస్తూ చదివినట్టుండేది. అది ఆపడానికి మా ఇరవై ఆరో ఫంక్షన్‌ని పట్టుకున్నారు. చదువుతున్నంతసేపూ వేగాన్ని కదలనివ్వదు.

"నిన్న సాయంత్రం మీ పరీక్ష కాపీ ఎక్కించాను. మిషను మూగనోము పట్టింది. మా ఆవిడ అపరాధ పరిశోధన నవల వింటోంది. హంతకుడెవరో తెలిసే పేజీలో ఆగింది, సరిగ్గా అక్కడ! రాత్రి అన్నం కూడా సరిగ్గా తిన్లేదు."

"ఆ ఒక్క పేజీ మీరు చదివి వినిపించొచ్చు కదండీ?"

ఆయన గొంతు కాస్త దిగింది.

"నేను చదివితే వినదు. మధ్యలో ఆగి అచ్చుతప్పులు చెబుతానట."

ఫోను పెట్టేసరికి గొళ్ళెం గారు వచ్చి కుర్చీలో కూర్చుంటున్నారు. తల వంచుకుని జరిగిందంతా చెప్పాను. తిడతారనుకున్నాను. ఆయన నా సొరుగు మూసి, తన కంప్యూటర్ నా వైపు తిప్పారు.

తెర మీద మెయిళ్ళు. వందలకొద్దీ. ఇన్నేళ్ళూ మూసిన ప్రతి పేరుకీ ముందు ఆయన రాసినవి. ఆ ఫంక్షన్‌ని బయట ఎవరెవరు వాడుకుంటున్నారో వెతికి వెతికి పట్టుకుని, ఒక్కొక్కరికీ రాశారు. 'అయ్యా, ఈ దారి మూసేస్తున్నాం. ఇబ్బంది పడతారేమో. సరైన దారి ఇంకోటి ఉంది, ఇలా మార్చుకోండి.' చేతకానివాళ్ళకి తనే మార్చి పంపించారు. తనిఖీ ప్రోగ్రాము చెప్పడానికి ఏళ్ళ ముందే ఈ ఇరవై ఆరు పేర్లూ ఆయన కంట్లో పడ్డాయి; వీటికే పదకొండుమంది. పదిమంది సర్దుకున్నారు.

"మరి మాస్టారికి కూడా మీరే రాసిచ్చేస్తే అయిపోను కదండీ?"

"పది నిమిషాల పని" అన్నారు గొళ్ళెం గారు. "ఇస్తానన్నాను కూడా. ఆయన ఒప్పుకోలేదు. 'మా ఆవిడ మిషను, నేనే రాస్తాను. దారి చెప్పండి చాలు' అన్నారు. వారానికి రెండు పాఠాలు. మొత్తం నలభై లైన్లు. ముప్పై ఒకటి అయ్యాయి."

"ఎన్నాళ్ళకి?"

"మూడేళ్ళకి. ఆయన ఒక్క వేలితో కొడతారు."

"తప్పు చేశానండీ" అన్నాను.

"మూయడం తప్పు కాదమ్మాయ్. మూసేముందు లోపల ఎవరన్నా ఉన్నారా అని ఒక కేక వెయ్యాలి, అంతే" అని లేచి, మేనేజరు గారి గదిలోకి వెళ్ళి ఆ పూటకి సెలవు చెప్పారు. ఆయనతో పాటు నేనూ మాస్టారింటికి బయల్దేరాను.

మాస్టారి ఇల్లు రెండు మెట్ల వరసల పైన, రెండు గదులు. లోపల అడుగు పెట్టగానే గొళ్ళెం గారి మొహం పాలిపోయింది. మాస్టారు తెరవడమే తప్ప మూయడం ఎరగని మనిషి. బీరువా బార్లా తెరిచి ఉంది. బల్లకి ఆరు సొరుగులుంటే ఆరూ బయటికే ఉన్నాయి. అలమర తలుపులు, డబ్బాల మూతలు, కలం మూతా, అన్నీ నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి. గొళ్ళెం గారు చేతులు వెనక్కి కట్టుకుని పళ్ళు బిగించుకుని కూర్చున్నారు.

"మీరేనా?" అన్నారు మాస్టారు, ఆయన్ని ఎగాదిగా చూసి. "ఉత్తరాలు చూసి ఇంకా పొడుగనుకున్నాను."

"మిగిలిన తొమ్మిది లైన్లూ ఈ పూట రాసేద్దామా మాస్టారూ?"

"రాద్దాం. తప్పు రాస్తే ఎవరూ చెప్పకూడదు. నేనే పట్టుకోవాలి."

ఒక్క వేలితో మొదలుపెట్టారు. మొదటి లైనుకి పావుగంట. రెండో లైను చివర పెట్టాల్సిన సెమికోలన్ చుక్క పెట్టలేదు. నాకు కనిపిస్తూనే ఉంది. చెప్పబోయాను. గొళ్ళెం గారు నా నోటి వైపు చూసి, తలుపు మూసినట్టు చెయ్యి తిప్పారు. మూసుకున్నాను. మాస్టారు ఆ చుక్క కోసం నలభై నిమిషాలు వెతికారు. ఆ నలభై నిమిషాలూ ఎలా గడపాలో తోచక గొళ్ళెం గారు మెల్లిగా లేచారు. ముందు బీరువా. తర్వాత అలమర. తర్వాత సొరుగులు, ఒకటి, రెండు, మూడు.

"ఎవరది, ఇల్లంతా మూస్తున్నది?" కిటికీ పక్క కుర్చీలోంచి మాస్టారి భార్య అడిగింది.

ఆయన ఉలిక్కిపడ్డారు. "క్షమించండమ్మా. అలవాటు."

"క్షమించేదేముంది బాబూ! ఈ ఇంట్లో నా మోకాలికి తగలని సొరుగు లేదు, నా నుదుటికి తగలని తలుపు లేదు. చెప్పీ చెప్పీ నా నోరు పడిపోయింది. నువ్వు వారానికొకసారి వచ్చి పోరాదూ?"

గొళ్ళెం గారు అక్కడే నిలబడిపోయారు. ఆ అలవాటుకి జీవితంలో ఆయన్ని తిట్టనివాళ్ళు లేరు, మెచ్చుకున్నది మాత్రం ఈవిడొక్కతే. ఆ ఉత్సాహంలో ఆవిడ మందుల డబ్బాల మూతలన్నీ కూడా బిగించేశారు.

అయిదింటికి పది నిమిషాలుండగా నలభయ్యో లైను పూర్తయింది. మాస్టారు నవల తెచ్చి కెమెరా కింద పెట్టి మీట నొక్కారు. మిషను గొంతు సవరించుకోకుండా, ఆవలించకుండా, ఒకే వేగంతో చదువుకుంటూ పోయింది. వంటమనిషే హంతకుడు.

"నేను రెండో అధ్యాయంలోనే చెప్పాను" అంది ఆవిడ.

మాస్టారు కిటికీ దగ్గరికి వెళ్ళి అటు తిరిగి చాలాసేపు వీధి చూశారు. వీధిలో ఏమీ లేదు.

శుక్రవారం విడుదల అనుకున్న వేళకే అయింది. ఇరవై ఆరో పేరు మూసే ఉంది, మాస్టారి మిషను నడుస్తూనే ఉంది. మేనేజరు గారికి సంగతి చెబితే "ఆ ముక్క నాకు ముందే చెప్పొచ్చు కదయ్యా" అని గొళ్ళెం గారి భుజం తట్టి, తర్వాత ఆయన చూడకుండా మార్కరుకి తనే మూత పెట్టారు.

విడుదలతోపాటు ఏ మార్పు ఎవరు చేశారో తెలిపే జాబితా వస్తుంది. ప్రపంచంలో ఎవరైనా చూడొచ్చు. అందులో, బయటి ప్రోగ్రాములు వేగాన్ని ఎలా అడగాలో చూపించే నమూనా అని నలభై లైన్లు కొత్తగా చేరాయి. ఎదురుగా మాస్టారి పూర్తి పేరు ఉంది. నేను పైనుంచి కిందిదాకా వెతికాను.

"మూడేళ్ళు నేర్పించింది మీరు. మీ పేరేదండీ?"

"ఆ నలభైలో నేను రాసిన లైను ఒక్కటైనా ఉందా?"

"లేదు."

"మరింకేం?" అని ఆయన నా కప్పు మీద సాసరు పెట్టారు. ఆరోజు నేను తియ్యలేదు.

పదిరోజుల తర్వాత మళ్ళీ ఫోను మోగింది. ఈసారి మాస్టారి భార్య.

"మీ ఆఫీసువాళ్ళు ఏదో జాబితా వేశారటమ్మా, అందులో ఈయన పేరుందట. దాన్ని ఇంతింత అక్షరాల్లో అచ్చు వేయించారు. నాకు కనిపించదు కదా, అందుకని మిషను కింద పెట్టి పూటకి మూడుసార్లు వినిపిస్తున్నారు. పాలవాడొస్తే పాలవాడికి, పోస్టువాడొస్తే పోస్టువాడికి. నా కొత్త నవల మొదటి పేజీ దగ్గరే ఉండిపోయింది. ఎవరు చచ్చిపోయారో కూడా ఇంకా తెలియలేదు!"

"అయ్యో, ఇప్పుడేం చెయ్యమంటారమ్మా?"

"ఆ పిచ్చి పట్టించిన ఆయన్నే అడుగు."

ఫోను గొళ్ళెం గారికి ఇచ్చాను. ఆయన అంతా విని, నా కలానికి మూత పెట్టారు.

"మీరేం బెంగపెట్టుకోకండమ్మా. ఈ మంగళవారం నుంచి మాస్టారికి కొత్త పాఠం మొదలుపెడతాను."

"ఎన్ని లైన్లది బాబూ?"

"నాలుగు వందలు."

ఆవిడ నవ్వు రెండు బల్లల అవతల కూర్చున్నవాళ్ళకి కూడా వినిపించింది.